ఆంగ్ల పదసంపద - తెలుగునాటి ఆధారాలు

ఒక భాషలో ఒక వ్యక్తికి అర్థమయ్యే పదాలు, అతడు సొంతంగా వాడగలిగే పదాలు కలిపి ఆ భాషలో అతని పదసంపద అనబడతాయి. ఆంగ్లభాషలో నిత్యవ్యవహారానికి కొన్ని వేల పదాలు సరిపోతాయి. వాటికి వెలుపల అరుదుగా వినిపించేవి, ఆసక్తికరమైన చరిత్ర గలవి, ఒక వృత్తికో శాస్త్రానికో పరిమితమైనవి మరెన్నో ఉన్నాయి. ఇటువంటి పదాలను జాబితాగా కంఠస్థం చేసినవారు త్వరగా మరచిపోతారు. ముందే తెలిసిన వస్తువుతోనో, ఊరితోనో, మాటతోనో ముడివేసి నేర్చుకున్న పదం ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల విద్యార్థులకు ఇటువంటి ముడులు ఇంటి చుట్టుపక్కలే దొరుకుతాయి. ఆ ఆధారాలను, వాటిని ఉపయోగించుకునే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

జగిత్యాల, సిరిసిల్ల పట్టణాలు పూర్వం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జగిత్యాల జిల్లా, రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడ్డాయి. కోరుట్ల పట్టణం జగిత్యాల జిల్లాలో ఉన్నది. సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలు వరి, పసుపు, మామిడి పంటలకు పేరు పొందాయి. ఈ మూడు ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు పనికోసం వెళ్ళినవారు చాలా ఎక్కువ.

నిజాం పాలనలో ఇక్కడి పాఠశాలల్లో ఉర్దూ బోధనాభాషగా ఉండేది. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి.నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగులో మహాకవి అయ్యారు. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందారు. చదివిన మాధ్యమం పదసంపదకు హద్దు కాదనడానికి ఇది మంచి నిదర్శనం. తరువాతి తరాలు తెలుగు మాధ్యమంలో చదివాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరం నుండి ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టబడింది. కాబట్టి ఇప్పటి విద్యార్థి ఇంట్లో తెలుగు, బజారులో తెలుగుతో కలిసిన ఉర్దూ, తరగతిలో ఆంగ్లం వింటున్నాడు. ఈ మూడింటినీ వేరువేరు గదుల్లో ఉంచితే బరువు పెరుగుతుంది. కలిపి చూస్తే ఒకదానికొకటి ఆసరా అవుతాయి.

ఉక్కు నుండి వూట్స్

ఆంగ్ల నిఘంటువులలో 'వూట్స్' అనే అరుదైన పదం ఉంది. మూసలలో కరిగించి తయారుచేసే ప్రాచీన భారతీయ ఉక్కుకు ఇది పేరు. కన్నడ, తెలుగు భాషలలోని 'ఉక్కు' అనే మాటే దీనికి మూలమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 'వుక్' అని వ్రాసినదానిని తప్పుగా చదవడం వల్ల 'వూట్స్' అయి ఉంటుందని భావిస్తారు. 1795లో జార్జ్ పియర్సన్ అనే వైద్యుడు ఈ ఉక్కు నమూనాలను పరీక్షించి లండనులోని రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. ఈ పదం ఆంగ్ల శాస్త్రగ్రంథాలలో వ్యాపించడానికి ఆ పత్రం దారితీసింది. విద్యుత్తుపై పరిశోధనలతో ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే కూడా 1819 నుండి కొన్ని సంవత్సరాలు వూట్స్‌పైన, ఉక్కు మిశ్రమలోహాలపైన ప్రయోగాలు చేశాడు.

ఈ ఉక్కు తయారైన ముఖ్యస్థలాలలో కోనసముద్రం ఒకటి. నిజామాబాదు జిల్లాలోని ఈ గ్రామం కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతానికి సమీపంలోనే ఉన్నది. సర్వే శాఖలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయిసీ కోనసముద్రంలో ఉక్కు తయారీని పరిశీలించి వ్రాసిన వివరణ, అతని మరణానంతరం 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఇక్కడి ఉక్కును కొనుగోలు చేయడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని ఆ వివరణ తెలుపుతుంది. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ గ్రామాలలో పాత ఇనుప కొలుముల ఆనవాళ్ళను సర్వే చేశాయి.

అంటే ఆంగ్లేయ విద్యార్థికి వింతగా తోచే ఈ పదం కోరుట్ల విద్యార్థికి ఇంటి పక్క మాట. ఊరి చివర చిట్టెపు రాళ్ళ దిబ్బను చూసినవారు ఈ పదాన్ని మళ్ళీ మరచిపోరు.

డమాస్కస్ మీదుగా

ఒక పదం తెలిస్తే అది మరికొన్నింటికి దారి చూపుతుంది. వూట్స్ ఉక్కుతో పశ్చిమాసియాలో చేసిన కత్తులు సిరియా రాజధాని డమాస్కస్ పేరుతో ప్రసిద్ధి పొందాయి. వాటి అలుగుపై నీటి అలల వంటి చారలు కనిపించేవి. ఆ నగరం పేరు నుండి ఆంగ్లంలో మూడు పదాలు ఏర్పడ్డాయి.

- డమసీన్: లోహంపై అలల వంటి చారలు తేవడం, లేదా బంగారు, వెండి తీగలను పొదగడం.
- డమాస్క్: నేతలోనే పువ్వులు, లతలు ఏర్పడే బట్ట.
- డామ్సన్: ఒక రకం చిన్న పుల్లని ప్లమ్ జాతి పండు. 'డమాస్కస్ పండు' అనే లాటిన్ పేరు అరిగి ఇలా మారింది.

కోనసముద్రం కొలిమి దగ్గర మొదలైన ప్రయాణం డమాస్కస్ చేరి, అక్కడ నుండి బట్టల నేతకు వచ్చింది. డమాస్క్ వంటి బట్టలను నేయడానికి నేడు వాడే సాధనం జకార్డు. ఇది ఫ్రాన్సులోని లియోన్ నగరవాసి జోసెఫ్ మారీ జకార్డ్ పేరు మీదుగా వచ్చింది. 1804 ప్రాంతంలో అతడు రంధ్రాలు చేసిన అట్టల సహాయంతో నేత నమూనాను నియంత్రించే పరికరాన్ని రూపొందించాడు. ఇలా ఒక వ్యక్తి పేరే వస్తువు పేరుగా మారితే ఆ పదాన్ని ఆంగ్లంలో 'ఎపోనిమ్' అంటారు. 'సాండ్‌విచ్', 'బాయ్‌కాట్' కూడా ఇటువంటివే. నేత పట్టణాలలో అందరి నోటా వినిపించే 'జకార్డు' ఎపోనిమ్ అనే అరుదైన పదానికి చక్కని ఉదాహరణ.

మగ్గం నేర్పే పదాలు

సిరిసిల్లలో మరమగ్గాలను 'సాంచాలు' అంటారు. పడుగు సిద్ధం చేసే పనిని 'వార్పిన్' అని, ఆ పని చేసేవారిని వార్పిన్ కార్మికులని అంటారు. బీము, సైజింగు వంటి మాటలు చదువుకోనివారికి కూడా తెలుసు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీని అప్పగించిన తరువాత ఈ పట్టణం పేరు రాష్ట్రమంతటా మరింతగా వినిపించింది. సాంచాల మధ్య పెరిగిన విద్యార్థికి తెలిసిన ఈ వృత్తిపదాలే ఆంగ్ల సాహిత్యంలో, పత్రికలలో వేరే అర్థాలతో ఎదురవుతాయి.

- వార్ప్: పడుగు. క్రియగా వాడితే వంకరపోవడం. కొయ్యతలుపు వానకు వంగినా, ఆలోచన వక్రమైనా ఈ మాటే వాడతారు.
- షటిల్: నాడె. పాత ఆంగ్లంలో దీనికి బాణం అని అర్థం. అటూ ఇటూ తిరిగే స్వభావం వల్ల రెండు ఊళ్ళ మధ్య తిరిగే బస్సుకు, బాడ్మింటన్ బంతికి, అంతరిక్ష నౌకకు ఈ పేరు వచ్చింది.
- ఎయిర్‌లూమ్: తరతరాలుగా కుటుంబంలో సంక్రమించే వస్తువు. 'లూమ్' అంటే మొదట మగ్గం కాదు, ఏదైనా పనిముట్టు. వారసునికి వచ్చే పనిముట్టు అనేది దీని మొదటి అర్థం. ఆంగ్లంలో దీని మొదటి అక్షరమైన 'హెచ్' పలకబడదు.
- స్పిన్‌స్టర్: మొదట నూలు వడికే స్త్రీ. తరువాత అవివాహిత అనే అర్థం వచ్చింది. ఈ మాటలో నేడు చిన్నచూపు ధ్వనిస్తుంది కనుక వాడకపోవడం మంచిది.
- క్లూ: మొదట నూలుండ. గ్రీకు పురాణకథలో థీసియస్ అనే వీరుడు నూలుండ ఆధారంగా చిక్కుదారుల నుండి బయటపడ్డాడు. అందువల్ల చిక్కు విప్పే ఆధారం 'క్లూ' అయింది.
- హెకిల్: నార దువ్వే ముళ్ళ దువ్వెన. సభలో వక్తను ప్రశ్నలతో, కేకలతో చీకాకు పెట్టడం అనే అర్థం స్కాట్లండులో మొదలైంది.
- టీజ్: ఉన్ని పోగులను విడదీయడం. తరువాత మనిషిని ఏడిపించడం.
- టెంటర్‌హుక్స్: తడి బట్టను లాగి ఆరబెట్టే చట్రానికి ఉండే కొక్కేలు. పరీక్షా ఫలితాలకై ఆందోళనతో ఎదురుచూసేవారు ఈ కొక్కేలపై ఉన్నట్లు ఆంగ్లంలో చెబుతారు.
- షాడీ: పాత ఉన్ని గుడ్డలను చీల్చి మళ్ళీ వడికి నేసిన బట్ట. తరువాత నాసిరకం పని అనే అర్థం వచ్చింది. హర్యానాలోని పానిపట్టు నేటికీ ఈ రకం దుప్పట్లకు ప్రసిద్ధి.

'టెక్స్ట్', 'టెక్స్‌టైల్', 'టెక్స్‌చర్', 'కాంటెక్స్ట్', 'ప్రీటెక్స్ట్' అనే అయిదు పదాలకూ మూలం 'నేయుట' అనే అర్థం గల లాటిన్ ధాతువు ఒక్కటే. పాఠం అంటే నేసినది. సందర్భం అంటే కలిపి నేసినది. సాకు అంటే అసలు విషయం ముందు నేసిన తెర. 'సటిల్' అనే పదం కూడా లాటిన్‌లో నేతకు సంబంధించినదేనని భాషావేత్తలు భావిస్తారు. బట్టలో కంటికి కనిపించనంత సన్నని పోగు నుండి 'సూక్ష్మమైన' అనే అర్థం వచ్చింది. ఇందులో 'బి' అనే అక్షరం వ్రాయబడుతుంది గాని పలకబడదు.

తెలుగు పాఠకునికి ఈ భావన కొత్తది కాదు. సూత్రం అంటే దారం, సంగ్రహంగా చెప్పిన శాస్త్రవాక్యం కూడా. తంత్రం అనే మాటకు మగ్గం, పడుగు అనే అర్థాలు సంస్కృతంలో ఉన్నాయి. గ్రంథం అనే మాటకు మూలం ముడివేయుట, కూర్చుట. నేతకూ రచనకూ గల పోలికను రెండు నాగరికతలు విడివిడిగా గుర్తించాయి.

బట్టల పేర్లు

భారతదేశపు బట్టల పేర్లు ఆంగ్లంలో చాలా ఉన్నాయి. 'కాలికో' కోళిక్కోడ్ రేవు పేరు నుండి వచ్చింది. 'డంగరీ' ముంబైలోని డోంగ్రీ పేరు నుండి వచ్చింది. 'ఖాకీ' అంటే ఫారసీలో మట్టిరంగు. 'బందానా' అనే రుమాలు పేరుకు మూలం పోగులను ముడివేసి రంగు అద్దడం అనే హిందీ మాట. 'చింట్స్' అనేది అచ్చు వేసిన నూలుబట్ట. హిందీలోని 'ఛీంట్' అనే మాట దీనికి మూలం; ఆంగ్లేయులు బహువచనంగా చేర్చిన 'స్' శబ్దం చివరకు ఏకవచనంలోనే కలిసిపోయింది. మచిలీపట్నం కలంకారీ బట్టలు ఈ పేరుతోనే యూరపుకు ఎగుమతి అయ్యేవి. ఒకనాడు సంపన్నుల ఇళ్ళను అలంకరించిన ఈ బట్టకు చవకబారు అనుకరణలు పెరగడంతో 'చింట్సీ' అనే విశేషణానికి అభిరుచి లేనిది, చవకబారుది అనే అర్థం స్థిరపడింది.

వీటన్నిటిలో 'సీర్‌సకర్' ప్రత్యేకమైనది. ముడతలు ముడతలుగా, నునుపు చారలతో ఉండే వేసవి బట్టకు ఇది పేరు. ఫారసీలో 'షీర్ ఓ షకర్' అంటే పాలు, చక్కెర. నునుపు చార పాలను, గరుకు చార చక్కెరను పోలినట్లు ఊహించారు. ఫారసీ షీర్, సంస్కృత క్షీరం సోదర పదాలు; షకర్‌కు మూలం సంస్కృత శర్కర. కనుక క్షీరం, శర్కర తెలిసిన తెలుగు విద్యార్థి ఈ పదాన్ని ఒక్కసారి విని గుర్తుంచుకోగలడు.

తెలుగు నుండి వెళ్ళిన ఇతర పదాలు

- బాండికూట్: తెలుగులోని పందికొక్కు నుండి వచ్చింది. ఆస్ట్రేలియాలోని ఒక సంచిజీవికి కూడా యూరపువారు తరువాత ఈ పేరే పెట్టారు. ఆ జంతువుకూ మన పందికొక్కుకూ దగ్గరి చుట్టరికం లేదు. జంతుశాస్త్రంలో పందికొక్కుల ప్రజాతి పేరు 'బాండికోటా'.
- బాండీ: బండి. భారతదేశంలోని ఆంగ్లేయుల రచనలలో ఎడ్లబండికి వాడబడింది.
- మాంగూస్: మరాఠీ మాట ద్వారా ఆంగ్లానికి వెళ్ళింది. తెలుగు ముంగిస దీనికి దగ్గరి పదం. ఆంగ్లంలో బాతును తెలిపే 'గూస్' బహువచనంలో 'గీస్' అవుతుంది. ఆ పోలికతో దీని బహువచనం మార్చరాదు. 'మాంగూసెస్' అనడమే సరైనది.
- గోడౌన్: మలయ్ భాష ద్వారా ఆంగ్లానికి చేరింది. దీని తొలిమూలం తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు అని ఒక అభిప్రాయం ఉంది. బ్రిటన్, అమెరికాలలో దీనికి బదులు 'వేర్‌హౌస్' అనే మాట వాడతారు.
- గోల్కొండ: ఆంగ్లంలో ఇది నామవాచకంగా మారి, తరగని సంపదల గని అనే అర్థంలో నిఘంటువులలో చేరింది. కృష్ణాతీరపు వజ్రాలు గోల్కొండ విపణిలో అమ్ముడుపోవడమే ఇందుకు కారణం.
- జెంటూ: పోర్చుగీసు మాట నుండి వచ్చిన పాత పదం. కొన్ని రచనలలో దీనికి హిందువులు అని, మద్రాసు ప్రాంతపు రచనలలో తెలుగువారు, తెలుగుభాష అని అర్థం. నేడు వాడుకలో లేదు. పాత గ్రంథాలు చదివేవారికి అవసరం.

ఇటువంటి పదాలను హెన్రీ యూల్, ఎ.సి.బర్నెల్ సేకరించి 1886లో 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువుగా ప్రకటించారు. తెలుగు మాటలకు ఆంగ్ల అర్థాలు తెలిపే సి.పి.బ్రౌన్ నిఘంటువు 1852లో వెలువడింది. ఇది ఆంధ్రభారతి వెబ్‌సైటులో కూడా లభిస్తుంది.

ఉర్దూ ఇచ్చే సహాయం

తెలంగాణ తెలుగులో కలిసిపోయిన ఉర్దూ మాటలు అనేక ఆంగ్ల పదాలకు తాళంచెవులు. 'సఫర్' అంటే ప్రయాణం. అదే అరబ్బీ మాట స్వాహిలీ భాష మీదుగా ఆంగ్లంలో 'సఫారీ' అయింది. 'సిఫర్' అంటే సున్న. అది ఆంగ్లంలో 'సైఫర్'గా, ఇటలీ మీదుగా 'జీరో'గా మారింది. సైఫర్‌కు రహస్యలిపి అనే అర్థం కూడా ఉంది. 'తారీఫ్' అంటే ఉర్దూలో పొగడ్త. అరబ్బీలో దాని మూలార్థం తెలియజేయడం. ధరలు, సుంకాలు తెలిపే 'టారిఫ్' ఆ మాటే. 'ఖుషీ' నుండి శ్రమలేని సుఖమైన పనిని తెలిపే 'కుషీ' వచ్చింది. 'పక్కా' ఆంగ్లంలో 'పుక్కా' అయింది. 'విలాయతి' అనే మాట సైనికుల నోట 'బ్లైటీ'గా మారి ఇంగ్లండుకు ముద్దుపేరయింది.

సంస్కృతం ద్వారా వచ్చే బలం

తెలుగు ద్రావిడభాష అని ఎఫ్.డబ్ల్యు.ఎల్లిస్ 1816లో నిరూపించాడు. అయితే తెలుగులో సంస్కృత తత్సమాలు విస్తారంగా ఉన్నాయి. సంస్కృతానికి, గ్రీకు, లాటిన్ భాషలకు మూలం ఒకటే అయి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రతిపాదించాడు. అందువల్ల తత్సమాలు తెలిసిన విద్యార్థికి ఆంగ్లంలోని గ్రీకు, లాటిన్ పదాలలో సగం దారి ముందే తెలిసినట్లు.

- పాదం: 'పెడెస్ట్రియన్' పాదచారి, 'క్వాడ్రుపెడ్' చతుష్పాదం, 'సెంటిపీడ్' శతపాది.
- దంతం: 'ట్రైడెంట్' మూడు పళ్ళది, అంటే త్రిశూలం; 'డాండిలయన్' అనే పువ్వు పేరుకు ఫ్రెంచిలో సింహదంతం అని అర్థం.
- జ్ఞానం: 'ప్రాగ్నోసిస్' వ్యాధి ఎలా పరిణమిస్తుందో ముందుగా తెలుసుకోవడం, 'అగ్నాస్టిక్' దేవుని ఉనికి తెలియరానిదని భావించేవాడు. ఈ రెండవ పదాన్ని టి.హెచ్.హక్స్‌లీ 1869లో సృష్టించాడు.
- నామం: 'అనానిమస్' అనామకం, 'సూడోనిమ్' మారుపేరు.
- యుగం: దీనికి కాడి అనే అర్థం కూడా ఉంది. ఆంగ్లంలో కాడి 'యోక్'. 'సబ్జుగేట్' అంటే కాడి కిందికి తేవడం, అంటే లోబరచుకోవడం.

వలస పత్రాలలోని పదాలు

ఉద్యోగ ఒప్పందంలో వచ్చే కొన్ని పదాలు సంభాషణలో అరుదుగా వినిపించినా, వాటి అర్థం తెలియకపోతే నష్టం ప్రత్యక్షంగా ఉంటుంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫ్ ఒప్పందపత్రం చూడని ఊరు అరుదు. చాలా ఇళ్ళలో దానిని చదివి చెప్పవలసినవారు బడికి వెళ్ళే పిల్లలే.

- ఎమిగ్రేషన్: స్వదేశం విడిచి వెళ్ళడం. 'ఇమిగ్రేషన్' అంటే పరదేశంలో ప్రవేశించడం. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులో సాధారణంగా ఉండే ఇ.సి.ఆర్. అనే గుర్తులోని మొదటి అక్షరం ఎమిగ్రేషన్‌ను సూచిస్తుంది.
- గ్రాట్యుటీ: అమెరికా హోటలులో ఈ మాటకు సేవకునికి ఇచ్చే బహుమానం అని అర్థం. ఉద్యోగ ఒప్పందంలో సర్వీసు ముగిసినప్పుడు చెల్లించవలసిన సొమ్ము అని అర్థం. మొదటిది ఇచ్చేవారి ఇష్టం, రెండవది పనిచేసినవాని హక్కు.
- అరియర్స్: 'వెనుక' అనే అర్థం గల పాత ఫ్రెంచి మాట నుండి వచ్చింది, బకాయి.
- అబ్‌స్కాండ్: దాక్కోవడం అనే లాటిన్ మాట నుండి వచ్చింది. కార్మికుడు చెప్పకుండా పని విడిచి వెళ్ళాడని యజమాని చేసే ఫిర్యాదులో ఈ మాట కనిపిస్తుంది. దీనిని కేవలం 'గైరుహాజరు' అనుకుంటే పొరపాటు. దీని పర్యవసానాలు చాలా తీవ్రంగా ఉంటాయి.
- రిపేట్రియేషన్: 'పేట్రియా' అంటే లాటిన్‌లో పితృభూమి. తిరిగి స్వదేశం చేర్చడం అని అర్థం. కార్మికుని తిరుగు ప్రయాణ ఖర్చు, మరణించినవారి భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదో ఈ శీర్షిక కింద వ్రాయబడుతుంది.
- ఇన్ లూ ఆఫ్: 'బదులుగా' అని అర్థం. సెలవుకు బదులు జీతం, భోజనానికి బదులు భత్యం వంటి నిబంధనలలో వస్తుంది.

మొదటి చూపులో బెదిరించే ఇటువంటి పదాలను ముక్కలుగా విడదీస్తే భయం తొలగుతుంది. సంతకానికి ముందే వీటి అర్థం తెలుసుకోవడం అవసరం.

తప్పు వ్యుత్పత్తులు

పదాలకు కథలు అల్లడం అన్ని భాషలలోనూ ఉంది. శబ్దసామ్యాన్ని బట్టి ప్రజలు కల్పించుకునే మూలాన్ని జానపద వ్యుత్పత్తి అంటారు. జగిత్యాలలో నక్షత్రాకారపు కోట ఉన్నది. దానిని నిర్మించిన 'జాక్', 'టాల్' అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్ల నుండే ఊరి పేరు వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుండే కథలన్నీ చరిత్ర కావు. పాత శాసనాలు, పత్రాల ఆధారం లేకుండా వాటిని ఒప్పుకోరాదు.

ఆంగ్లంలోనూ ఇంతే. 'గోడౌన్' అనే మాటలో 'కిందికి వెళ్ళు' అనే అర్థం వినిపించినా దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంటి చుట్టూ ఉండే ఆవరణను తెలిపే 'కాంపౌండ్' మలయ్ భాషలోని 'కంపోంగ్' నుండి వచ్చినదని సాధారణంగా అంగీకరిస్తారు. రసాయనశాస్త్రంలోని 'కాంపౌండ్' లాటిన్ మూలం గల వేరే పదం. ఒక పదం మూలాన్ని తెలుసుకోవాలంటే అది తొలిసారి ఏ సంవత్సరంలో, ఏ వాక్యంలో కనిపించిందో చూడాలి. 1884లో మొదటి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ పద్ధతిపైనే నిర్మించబడింది.

అభ్యాస పద్ధతి

నేర్చుకున్న విషయం మొదటి కొద్ది రోజులలోనే ఎక్కువగా మరుగున పడుతుందని హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మను శాస్త్రవేత్త 1885లో ప్రకటించిన ప్రయోగాలు తెలిపాయి. అందువల్ల ఒకేసారి యాభై పదాలు చదవడం కంటే రోజుకు రెండు మూడు పదాలు చదివి, మరునాడు, వారం తరువాత, నెల తరువాత తిరిగి చూడడం మేలు. ప్రతి పదానికి నోటుపుస్తకంలో అయిదు విషయాలు వ్రాసుకోవచ్చును.

1. తెలుగు లిపిలో ఉచ్చారణ. ఆంగ్లంలో వ్రాత ఒకటి, పలుకుబడి ఒకటి కనుక ఇది అవసరం.
2. తెలుగులో ఒక్క వాక్యంలో అర్థం.
3. పదం మూలం, దానిలోని భాగాలు.
4. ఆ పదానికి ముడివేయదగిన స్థానిక వస్తువు, ప్రదేశం లేదా మాట.
5. విద్యార్థి సొంతంగా వ్రాసిన ఆంగ్ల వాక్యం.

నాలుగవ అంశం సాధారణ పుస్తకాలలో దొరకదు. 1949లో వెలువడి నేటికీ మన దేశంలో విరివిగా చదవబడుతున్న నార్మన్ లూయిస్ పుస్తకం 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' గ్రీకు, లాటిన్ ధాతువులను చక్కగా బోధిస్తుంది. కాని అది అమెరికా పాఠకులను దృష్టిలో ఉంచుకొని వ్రాసినది. సాంచ, కొలిమి, కాడి, గిడ్డంగి వంటి ముడులను విద్యార్థి స్వయంగా వేసుకోవాలి. ఇంట్లో నేతపని చేసేవారిని, వ్యవసాయం చేసేవారిని అడిగి తెలుగు వృత్తిపదాలు వ్రాసుకుంటే ఆంగ్లంతో పాటు తెలుగు పదసంపద కూడా పెరుగుతుంది.

వాడుకలో జాగ్రత్తలు

చదివినప్పుడు అర్థమయ్యే పదాలన్నింటినీ మాట్లాడేటప్పుడు వాడనవసరం లేదు. నిఘంటువులో ఒక పదం పక్కన ప్రాచీనం, వృత్తిసంబంధం, నింద్యం వంటి సూచనలు ఉంటే వాటిని తప్పక గమనించాలి. 'జెంటూ' నేటి వాక్యంలో ఇమడదు. 'వూట్స్' లోహశాస్త్ర వ్యాసంలో సరైనది, సెలవు చీటీలో కాదు. మన భాషల నుండి వెళ్ళిన మాటలు కూడా అక్కడ అర్థం మార్చుకుంటాయి. ఆంగ్లంలో 'పండిట్' అంటే చాలా సందర్భాలలో టీవీలో రాజకీయాలనో క్రీడలనో విశ్లేషించే వ్యక్తి. పూరీ జగన్నాథుని రథం నుండి వచ్చిన 'జగర్‌నాట్' అంటే అడ్డువచ్చినదానిని తొక్కుకుంటూ పోయే శక్తి.

అవసరం లేనిచోట పెద్ద పదాలు పేర్చే శైలికి ఆంగ్లంలో 'బాంబాస్ట్' అని పేరు. ఈ పదానికి మొదటి అర్థం దుస్తులు ఉబ్బెత్తుగా కనిపించడానికి లోపల కూరే దూది. అదే అర్థంలో వాడే 'ఫస్టియన్' కూడా ఒకనాడు ముతకబట్ట పేరే. దూది కూరితే బట్ట ఉబ్బుతుంది గాని గట్టిపడదు; పడుగూ పేకా సరిగా కలిస్తేనే గట్టిపడుతుంది. చదివినది అర్థం చేసుకోవడానికి వీలైనన్ని ఎక్కువ పదాలు తెలిసి ఉండాలి. చెప్పదలచినది చెప్పడానికి సరిపోయిన ఒక్క పదం చాలు.